అంటుకట్టిన పేరు: ఏవన్‌డేల్ తోటమాలి హేవర్డ్ రైట్ గారి జీవితం

ఉగాది పండుగ మన పెద్దల ఊళ్ళలో వసంతంతో వస్తుంది. మామిడి పిందె, వేపపూత, కొత్త బెల్లం ముందుగానే సిద్ధమై ఉంటాయి. మన మౌంట్ ఆల్బర్ట్‌లో మాత్రం అది ఆకురాలు కాలంలో వస్తుంది. అప్పటికి కంచెల పొడుగునా ఫీజోవా పండ్లు రాలిపడుతూ ఉంటాయి, పందిళ్ళ మీద కివీకాయలు ముదురుతూ ఉంటాయి. పొరుగువారు బకెట్టు నిండా ఫీజోవాలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళతారు. మనం పుల్లని కివీకాయ తరిగి, పచ్చిమిరపకాయలు వేసి, తాలింపు పెట్టి పచ్చడి చేసుకుంటాం. ఈ రెండు పండ్లూ ఈ దేశపు పెరళ్ళలో స్థిరపడడానికి పాటుపడినవారిలో ఒకే మనిషి పేరు రెండుచోట్లా వినబడుతుంది. ఆయన హేవర్డ్ రైట్ గారు. ఆయన నర్సరీ ఎక్కడో కాదు, మౌంట్ ఆల్బర్ట్‌లో రైలెక్కితే పడమటగా వచ్చే మొదటి స్టేషన్ ఏవన్‌డేల్‌లో ఉండేది.

ఇటువంటి సంచికలలో మహనీయుల జీవితమంటే వీరేశలింగం గారిని గురించో, గురజాడ వారిని గురించో వ్రాయడం ఆనవాయితీ. మేమూ లోగడ అలాగే వ్రాశాము. ఈసారి తెలుగువాడు కాని, తెలుగు పేరైనా విని ఉండని ఒక తోటమాలిని గురించి వ్రాయడానికి సాహసిస్తున్నాము. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. పక్క ఊరి మనిషి గొప్ప మనకు కనబడకపోవడం కూడా అలాంటిదే. మన కుటుంబాలకూ ఆ జీవితానికీ ఉన్న సంబంధం ఏమిటో చదువరులకు క్రమంగా తెలుస్తుంది.

రైట్ గారు 1873లో జన్మించారు. ఆయన బాల్యం నాటికి ఆక్లండ్ చిన్న పట్నం. ఇప్పటి ఏవన్‌డేల్‌ను అప్పట్లో ఫావ్ అనేవారు, 1882లో పేరు మారింది. 1880లో రైలు మార్గం పడి మౌంట్ ఆల్బర్ట్, ఏవన్‌డేల్ రెండింటికీ స్టేషన్లు వచ్చాయి. ఒవైరాకా కొండ అగ్నిపర్వతం కనుక, మౌంట్ ఆల్బర్ట్ నేలంతా నల్లరాయి, ఎర్రని రాతిపొడి. నీరు పోసినంతసేపట్లో దిగిపోతుంది. ఆ రాతిపొడిని తవ్వి రైలు పట్టాల కింద పరచడానికి తీసుకుపోయారు. పడమటికి వెళ్ళేకొద్దీ బంకమట్టి వస్తుంది, అందుకే అటువైపు ఇటుక బట్టీలు లేచాయి. రైలు వచ్చాక ఈ నేలల మీద పండ్లతోటలు, కూరగాయల మళ్ళు, నర్సరీలు వెలిశాయి. అటువంటి ఊళ్ళో రైట్ గారు నర్సరీ పెట్టారు.

ఆనాటి నర్సరీ యజమాని పని ఈనాటి దుకాణం వంటిది కాదు. ఇతర దేశాలనుండి ఉత్తరాలమీద కొత్త రకాలు తెప్పించాలి. అవి ఇక్కడి మట్టికి, గాలికి తట్టుకుంటాయో లేదో చూడాలి. తట్టుకున్నవాటికి అంటుకట్టి పెంచి, ధరల పట్టిక అచ్చు వేయించి, చలికాలంలో మొక్కలను వేళ్ళు చుట్టి దేశమంతటికీ పంపాలి. రైట్ గారు పీచ్, నెక్టరిన్, ప్లమ్ వంటి పండ్ల రకాలలో పేరు తెచ్చుకున్నారు. కొత్త మొక్క అంటే ఆయనకు తగని మోజు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఫీజోవాను, ఎంపిక చేసిన రకాలుగా తొలినాళ్ళలో ఈ దేశానికి తెప్పించి అమ్మినవారిలో ఆయన ఒకరు. ఇవాళ మన వీధులలో కంచెగా పెరిగే ఆ వెండిరంగు ఆకుల చెట్టు వెనుక అటువంటివారి కుతూహలం ఉంది.

ఆయన పేరు నిలిపినది మాత్రం ఒక తీగ. ఆ తీగ కథ కొంచెం వెనకనుండి చెప్పాలి.

1904లో వాంగనుయి పట్టణపు బాలికల కళాశాల ప్రధానోపాధ్యాయిని ఇసబెల్ ఫ్రేజర్ గారు చైనా ప్రయాణం ముగించుకుని తిరిగి వచ్చారు. యాంగ్జీ నది ఒడ్డున ఈచాంగ్ పట్టణంలో ఆమె సోదరి క్రైస్తవ మిషన్‌లో పనిచేసేవారు. ఆమెను చూడబోయి, వచ్చేటప్పుడు ఈచాంగ్ పరిసరాల కొండల్లో కాచే ఒక పండు గింజలు వెంట తెచ్చారు. అవి ఆలిసన్ అనే తోటరైతు చేతికి చేరాయి. 1910 ప్రాంతంలో తీగ కాసింది. ఇక్కడివారు దాన్ని చైనా గూస్‌బెర్రీ అన్నారు. సాటి ఉపాధ్యాయులం కనుక, ఈ ఘట్టం చెప్పేటప్పుడు మాకు కొంత గర్వం కలుగుతుందని దాచడం దేనికి? ఒక టీచరమ్మ సెలవుల ప్రయాణం ఒక దేశానికి పంట తెచ్చిపెట్టింది.

ఇందులో అదృష్టం పాలు కూడా ఉంది. ఈ తీగలో మగ, ఆడ వేరు వేరు. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్లే, దీనిలో పోతుతీగ పుప్పొడి ఇస్తుంది, పెంటితీగ కాయ కాస్తుంది. రెండూ ఒకచోట ఉంటేనే పండు. ఆ కాలంలోనే ఇంగ్లండుకూ అమెరికాకూ ఈ తీగ వెళ్ళింది. అక్కడ తొలుత పెంచినవి కాయక, పందిరి మీద అందానికి పాకే తీగలుగానే నిలిచిపోయాయి. వాంగనుయిలో మాత్రం జత కుదిరింది. ఈ దేశంలో దశాబ్దాలపాటు పండిన కివీ రకాలన్నీ ఆ గింజలనుండి వచ్చిన రెండు పెంటితీగలకు, ఒక పోతుతీగకు సంతానమని శాస్త్రజ్ఞులు తేల్చారు. మూడు తీగలతో ఒక వంశం నిలిచింది.

ఇక్కడ మన సంగతి ఒకటి జ్ఞాపకం చేసుకోవాలి. మద్రాసు రేవునుండి గిర్మిట్ కూలీలను ఫిజీకి పంపడం 1903లో మొదలై 1916 వరకు సాగింది. ఆ గింజలు చైనానుండి వచ్చిన రోజులూ, మన తాతలు ఓడలెక్కిన రోజులూ దాదాపు ఒకటే. ఆ ఓడలలో గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలవారు, నెల్లూరువారు ఎందరో ఉన్నారు. ప్రతివారికీ ఒక పాసు. అందులో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీద గుర్తు వ్రాసేవారు. ఇంటిపేరుకు ఆ కాగితంలో చోటు లేదు. తాతకు పెట్టిన పేరే పిల్లలకు ఇంటిపేరయింది. మాదీ అంతే. మేము అరవై ఏళ్ళుగా మోస్తున్న ఇంటిపేరు నిజానికి తాతగారికి నామకరణం నాడు పెట్టిన పేరు. అసలు ఇంటిపేరు ఏమిటో మా నాన్నగారికే తెలియదు. ఆ తెలియకపోవడం మా ఇంట్లో ఒక ఖాళీ కుర్చీలా ఉండేది.

తిరిగి ఏవన్‌డేల్‌కు వద్దాం. 1920లలో రైట్ గారు ఈ చైనా తీగ గింజలు మొలిపించారు. చెప్పడానికి ఇది ఒక వాక్యం. చేయడానికి ఏళ్ళు పడుతుంది. గింజ మొలిచి, తీగ సాగి, పందిరెక్కి, పువ్వు పూసేదాకా అది పోతో పెంటో తెలియదు. ఇంచుమించు సగం పోతులే అవుతాయి. మిగిలిన సగంలో ఏ రెండూ ఒకలాగ కాయవు. ఒకదాని కాయ చిన్నది, ఒకదానిది సన్నగా పొడుగు, ఇంకొకదానిది పులుపు. ఆ వరుసలో ఒక తీగ కాయ కోడిగుడ్డు కంటె లావుగా, రుచిగా ఉంది. కోసి చల్లనిచోట ఉంచితే నెలల తరబడి చెడకుండా నిలిచే గుణం కూడా దానిలో ఉందని తరువాత తెలిసింది. ఆ తీగ మిగతావాటి కంటె ఆలస్యంగా పూస్తుంది, కాపు కొంచెం తక్కువ. త్వరగా లాభం చూసుకునేవారు దాన్ని పక్కన పెట్టేసేవారేమో. రైట్ గారు దాన్నే పట్టుకున్నారు.

పట్టుకోవడమంటే ఏమిటో గులాబీలు పెంచినవారికి చెప్పనక్కరలేదు. మంచి గులాబీ గింజ నాటితే ఆ గులాబీ రాదు, ఏదో ఒక గులాబీ వస్తుంది. అదే పువ్వు కావాలంటే దాని కొమ్మనుండి ఒక కన్ను తీసి, మొరటు గులాబీ వేరుమీద బెరడు చీల్చి, లోపల అమర్చి కట్టాలి. మన గోదావరి జిల్లా కడియం నర్సరీలలో అంటుమామిడి కట్టేవారి చేతిపని ఇటువంటిదే. రైట్ గారు తన తీగ కొమ్మలను వేరే వేళ్ళ మీద అంటుకట్టి, మంచి రకపు మొక్కలుగా అమ్మసాగారు. అంతవరకు గింజ మొక్కలు కొని, పోతు వస్తుందో పెంటి వస్తుందో అని ఎదురుచూసే రైతుకు నమ్మకమైన మొక్క చేతికి వచ్చింది. ఆ కాలంలోనే పామర్‌స్టన్ నార్త్‌లో బ్రూనో జస్ట్ అనే మరొక నర్సరీ యజమాని పొడుగు కాయల రకం ఒకటి తీశారు. దానికి బ్రూనో అనే పేరు నిలిచింది. విశేషమేమిటంటే, తరువాత ఎన్నో తోటలలో బ్రూనో గింజల మొక్కలను వేళ్ళుగా పెంచి, వాటిపై రైట్ గారి తీగను అంటుకట్టారు. పోటీపడిన ఇద్దరి మొక్కలు చివరకు కిందా మీదా ఒకే తీగగా కలిసి బ్రతికాయి.

1935లో ఏవన్‌డేల్‌నుండి ఈ తీగ అమెరికాకు వెళ్ళింది. కాలిఫోర్నియాలో చీకో అనే ఊరిలోని ప్రభుత్వ తోటలో నాటారు. అక్కడ ఆ ఊరిపేరుతోనే చలామణి అయింది. కాలిఫోర్నియా రైతులు దాన్ని తమ రకమనుకున్నారు. పరిశీలించగా అది రైట్ గారి తీగేనని తేలింది. వలస వెళ్ళినచోట కొత్త పేరు పడడం, అసలు పేరు తరువాతివారు వెతికి పట్టుకోవడం మనకు కొత్త విషయం కాదు.

1930లలో బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతంలో టీ పుకె దగ్గర రైతులు ఈ పండును తోటలుగా వేయడం మొదలుపెట్టారు. 1952లో ఇంగ్లండుకు మొదటి ఎగుమతి జరిగింది. ఓడ ప్రయాణానికి ఎక్కువ రోజులు పడుతుంది కనుక నిలవ ఉండే కాయకే విలువ. అక్కడే రైట్ గారి ఎంపిక ఎంత లోతైనదో బయటపడింది. ఆ దశకంలోనే ప్రభుత్వ పండ్ల పరిశోధకులొకరు ఈ దేశపు రకాలన్నిటినీ పరిశీలించి, ఒక్కొక్కదానికి స్థిరమైన పేరు పెట్టారు. అంతవరకు రైతులు ఈ పెద్దకాయ రకాన్ని తలా ఒక పేరుతో పిలుస్తూ ఉండేవారు. ఆయన దానికి హేవర్డ్ అని పెట్టారు. రైట్ అని కాదు. ఇంటిపేరు పక్కకు పోయి, తల్లిదండ్రులు పెట్టిన పేరే తీగకు మిగిలింది. గిర్మిట్ పాసులో జరిగినదే ఇక్కడ గౌరవంగా జరిగింది. మేము ఈ సంగతి మొదటిసారి తెలుసుకున్ననాడు చాలాసేపు దాన్నే తలచుకుంటూ ఉండిపోయాము.

1959లో మరొక మార్పు వచ్చింది. ఆక్లండ్ పండ్ల వర్తకులు టర్నర్స్ అండ్ గ్రోయర్స్ వారు అమెరికాకు సరుకు పంపేటప్పుడు చైనా గూస్‌బెర్రీ అనే పేరు అక్కడ చెల్లదని గ్రహించారు. మెలనెట్ అని ఒక పేరు తలపెట్టారు గాని, పుచ్చజాతి పండ్లకు అక్కడ సుంకం ఉన్నందున మానుకున్నారు. చివరకు కివీఫ్రూట్ అన్నారు. పండు చైనాది, పేరు ఎగరలేని పక్షిది. ఆ 1959వ సంవత్సరంలోనే హేవర్డ్ రైట్ గారు తమ 86వ ఏట కాలం చేశారు. తమ తీగ పండు ఈ కొత్త పేరుతో లోకమంతా తిరగడం ఆయన చూడలేదు. 1970లు గడిచేసరికి ఎగుమతికి హేవర్డ్ తప్ప వేరే రకం పనికిరాదన్న స్థితి వచ్చింది. ఆ తరువాత చాలాకాలం ఇటలీలో, చిలీలో, ఫ్రాన్సులో, గ్రీసులో ఎవరు కివీపండు కోసినా, అది ఇంచుమించుగా ఏవన్‌డేల్‌లోని ఆ ఒక్క తీగ కొమ్మే.

ఇందులో ఆయనకు లభించినదేమిటి? మొక్కలు అమ్మిన రోజున వచ్చిన ధర. ఆ తరువాత ఆ మొక్కనుండి ఎవరైనా కొమ్మ కోసి అంటుకట్టుకోవచ్చు. కొత్త రకం సృష్టించినవారికి హక్కు ఇచ్చే చట్టం ఈ దేశంలో 1973లో గాని రాలేదు. 1972లో ఐర్లండునుండి ఆక్లండుకు వచ్చి స్థిరపడిన ప్రసిద్ధ గులాబీ సృష్టికర్త శామ్ మెక్‌గ్రెడీ గారు అటువంటి హక్కు కోసం గట్టిగా వాదించినవారిలో ఒకరు. రైట్ గారి కాలంలో ఆ మాటే లేదు. పందిరి ఎవరు వేశారో పండు తినేవారు అడగరు.

అలాగని ఆయన బ్రతుకును నష్టాల లెక్కగా చూపడం మా ఉద్దేశం కాదు. ఒకే తీగను లోకమంతా నాటడంలో ఉన్న ప్రమాదం కూడా చెప్పుకోవాలి. 2010లో టీ పుకెలో కివీ తీగలను చంపే బాక్టీరియా తెగులు బయటపడింది. దాని దెబ్బకు మొదటి బంగారు రంగు రకం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. హేవర్డ్ కొంత మెరుగుగా తట్టుకుంది. రైతులు పాత మొండాలను పీకివేయలేదు. వాటి మీదనే తట్టుకునే కొత్త బంగారు రకాన్ని అంటుకట్టారు. ఈ పండ్ల మీద, తెగుళ్ళ మీద ఎన్నో ఏళ్ళ పరిశోధన మన మౌంట్ ఆల్బర్ట్‌లోని కేంద్రంలోనే జరిగింది. ప్రభుత్వ శాస్త్ర శాఖ కింద మొదలైన ఆ కేంద్రం తరువాత పేర్లు మార్చుకుంటూ 2025లో పెద్ద జాతీయ సంస్థలో భాగమైంది. మన పిల్లలు బస్సులో దాని ముందునుండే బడికి వెళ్తారు.

ఇప్పుడు మా స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. ఫిజీనుండి వచ్చి మౌంట్ ఆల్బర్ట్‌లో ఇల్లు కొన్న కొత్తలో, మేము ఒక కివీమొక్క తెచ్చి వెనుక కంచె పక్కన నాటాము. హేవర్డ్ అని చీటీ కట్టి ఉంది. కాకర, బీర పందిళ్ళు వేసిన చేతులే కదా అని ధీమాగా పందిరి వేశాము. తీగ బ్రహ్మాండంగా పెరిగింది. మూడో ఏట పూసింది కూడా. కాయ పడలేదు. నాలుగో ఏటా అంతే, ఐదో ఏటా అంతే. ఎరువు మార్చాము, కత్తిరింపు మార్చాము. కొన్నచోట జత కావాలని ఎవరూ చెప్పలేదు, మేము అడగనూ లేదు. చివరకు వీధి చివర ఉండే ఒక వృద్ధుడు, జీవితమంతా తోటపని చేసిన తెల్లదొర, కంచె మీదనుండి చూసి నవ్వి, మీ తీగ ఒంటరిదని తేల్చారు. చలికాలం చివరిలో తమ పోతుతీగ కొమ్మ నాలుగంగుళాలు తెచ్చి, మా తీగ పక్క కొమ్మను చీల్చి, అందులో గుచ్చి, నాడాతో బిగించి, మైనం పూశారు. చేతులు వణుకుతున్నాయి గాని కత్తి వణకలేదు. రెండేళ్ళకు ఆ కొమ్మ పూసింది. తేనెటీగలు తమ పని చేశాయి. ఆ ఏడు మే నెలలో రెండు బుట్టల కాయలు కోశాము. ఆయన తమ వంతు తీసుకుని వెళుతూ, హేవర్డ్ అంటే మనిషి పేరని, ఆ మనిషి పక్క ఊరివాడని చెప్పారు. ఈ వ్యాసానికి మూలం ఆ సాయంత్రం.

చదువరులలో చాలామందికి ఇప్పుడు పెరడు లేదు. మౌంట్ ఆల్బర్ట్‌లో పాత ఇళ్ళ స్థలాలలో మూడేసి, నాలుగేసి ఇళ్ళు లేస్తున్నాయి. అటువంటివారికి రెండు మాటలు. కివీతీగ కుండీలో పెట్టేది కాదు. దానికి చాలా నేల, నాలుగైదు మీటర్ల పందిరి కావాలి. కుండీలో పెంచాలంటే పాకే గులాబీ మేలు. పైన చెప్పిన మెక్‌గ్రెడీ గారి డబ్లిన్ బే అనే ఎర్రగులాబీ 1975లో వచ్చింది. మరీ పొడుగు సాగదు, మన తేమగాలికి బాగా తట్టుకుంటుంది. అడ్డంగా 45 సెంటీమీటర్లకు తగ్గని కుండీ తీసుకుని, అడుగున నీరు పోయేట్లు ఇటుకలమీద నిలపండి. తోటమట్టి కాక, సంచుల్లో అమ్మే కుండీమట్టి వాడండి. ఆ సంచి విప్పేటప్పుడు ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఆ మట్టిలో ఊపిరితిత్తులకు ప్రమాదమైన సూక్ష్మజీవులు ఉండవచ్చు. కొమ్మలను నిలువునా పోనివ్వక అడ్డంగా వంచి కట్టండి. వంచిన కొమ్మకు ప్రతి కణుపు దగ్గరా పువ్వు వస్తుంది. వేసవిలో రోజూ నీరు, జూలైలో కత్తిరింపు, రెండేళ్ళకొకసారి పైమట్టి మార్పు. అంటు కట్టినచోటికి కిందనుండి లేచే మొరటు చిగురును కనబడగానే పీకివేయండి. ఊరుకుంటే మంచి గులాబీ అణగిపోయి మొరటుదే మిగులుతుంది. బచ్చలి, చిక్కుడు కూడా వేసవిలో కుండీలో చక్కగా పాకుతాయి. ఒక్క జాగ్రత్త. ఊరినుండి గింజలు కొంగున కట్టి తెచ్చే రోజులు పోయాయి. ఇసబెల్ ఫ్రేజర్ గారిని 1904లో ఎవరూ ఆపలేదు గాని, ఇవాళ విమానాశ్రయంలో చెప్పకుండా తెస్తే జరిమానా పడుతుంది. ఇక్కడ అమ్మే గింజలే కొనండి.

ఇక చివరి మాట. మేము పుట్టింది చెరకు పొలాల మధ్య. ఇంట్లో సగం తెలుగు, సగం ఫిజీ హిందీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాకు వచ్చింది నడివయసు దాటాక, సాయంత్రం తరగతిలో. ఈ వ్యాసంలో తప్పులుంటే ఆ తరగతివి కావు, మావి. ఇప్పుడు అదే తరగతికి మేము పాఠం చెబుతున్నాము. కొన్నేళ్ళు ఇరవైమంది వచ్చారు, ఒక ఏడు నలుగురే వచ్చారు. ఇంక మూసేద్దామా అని కార్యవర్గంలో మాట వచ్చింది. తాతలనుండి వచ్చిన భాష, రక్తంలో ఉంటుంది, ఎక్కడికీ పోదు అని కొందరు పెద్దలు అన్నారు. ఆనాడు సభలో మాకు నోరు పెగలలేదు. ఇప్పుడు చెబుతున్నాము.

రక్తంలో ఉండదు. హేవర్డ్ తీగ పండులో వందల గింజలున్నాయి. అన్నీ నాటండి, ఒక్కటీ హేవర్డ్ కాదు. 1920ల నాటి ఆ తీగ ఇవాళ బ్రతికి ఉన్నదంటే, ప్రతి తరంలో ఎవరో ఒకరు కత్తి పట్టి, కొమ్మ కోసి, వేరే వేరు మీద కట్టి, పట్టిందా లేదా అని నెలల తరబడి చూసుకున్నందుకే. ఒక్క తరం చేతులు ముడుచుకుంటే పేరు మిగిలి ఉండేదేమో గాని, పండు ఉండేది కాదు. భాష కూడా అంతే. అది ఇంగ్లీషు వేరు మీద అంటుకట్టబడితే చిన్నతనమేమీ కాదు. బ్రూనో వేరు మీద హేవర్డ్ కాయలేదా? కావలసింది కట్టే చెయ్యి.

కనుక తరగతి మూయలేదు. ఈ సంవత్సరం తొమ్మిదిమంది పిల్లలు వస్తున్నారు. మొదటి పాఠం అక్షరాలు కాదు. ఎవరి ఇంటిపేరు వారు తెలుసుకొని రావాలి, తెలియనివారు తాత పేరు తెలుసుకొని రావాలి. మా ఇంటిపేరు మాకు ఇంకా దొరకలేదు. మా మనుమరాలు తన పుస్తకంమీద మా తాతగారి పేరే తెలుగులో వ్రాసుకుంది. గుణింతం ఒకటి తప్పింది. పక్కన కూర్చుని దిద్దించాము.

ఏవన్‌డేల్ స్టేషన్ దాటుతున్నప్పుడు, చదువరులు ఒక్క క్షణం అటువైపు చూడండి. ఇప్పుడు అక్కడ ఆ నర్సరీ లేదు, ఇళ్ళున్నాయి. ఆయన పనిని చూడాలంటే ఏ పండ్ల దుకాణానికి వెళ్ళినా చాలు. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.